రెండు చేతుల జనరేటరు

తెల్లవారుజామున మూడు గంటలప్పుడు మైపాడు రోడ్డు దిగి రొయ్యల గుంటల గట్ల మీద నడిస్తే వినపడే చప్పుళ్ళు రెండే. దూరంగా సముద్రం, దగ్గరగా నీళ్ళను చరుస్తున్న ఏరియేటర్ల రెక్కలు. ఆ రెక్కల చప్పుడు జోలపాట లాంటిది కాబోలు, దాని పక్కనే కాపలా మనిషి మంచం మీద గుర్రు పెట్టి నిద్రపోతాడు. చప్పుడు ఆగిందా, తటాలున లేచి కూచుంటాడు. కరెంటు పోయిందన్నమాట.

ఆ తర్వాత అతను చేసే పని చూడాలి. కరెంటాఫీసుకు ఫోను చేస్తాడు, నిజమే. కానీ అది చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, జనరేటరు దగ్గరకు పరుగెత్తుతూ చేసే ఫోను. లైన్‌మాన్ వచ్చి చూసుకుంటాడులే అని గట్టు మీద కూర్చున్న కాపలాదారుణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. రాత్రంతా గుంటలో రొయ్యా, నాచూ, అడుగున చేరిన మట్టీ అన్నీ కలిసి ఆక్సిజన్‌ను తాగేసి ఉంటాయి. నీళ్ళలో కరిగిన ఆ ఆక్సిజన్‌ను ఇక్కడ చదువొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అందరూ 'డీవో' అనే అంటారు. తెల్లారే ముందు డీవో అడుగంటుతుంది. మిషన్లు ఆగితే రొయ్య అడుగు వదిలి పైకి తేలుతుంది. రొయ్య తేలిందంటే ఆ రైతు ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు.

మనిషి తలలో కూడా ఇలాంటి గుంట ఒకటుంది. బరువు చూస్తే ఒంట్లో రెండు శాతం. తినే ఆక్సిజన్ మాత్రం ఇరవై శాతం. దాచుకోవడం తెలియదు దానికి. గుండె ఆగిన పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. అప్పటికి మనం ఏం చేస్తుంటామంటే, మొహాన నీళ్ళు చల్లుతుంటాం. విసనకర్ర కోసం వెతుకుతుంటాం. ఆటో ఎవరిదుందో కనుక్కుంటుంటాం. అంటే, లైన్‌మాన్ కోసం ఎదురు చూస్తుంటాం.

ఆ సోమవారం

2022 ఫిబ్రవరి 21. నెల్లూరు జిల్లా ఆ ఉదయాన్ని మరిచిపోలేదు. ఆత్మకూరు శాసనసభ్యుడు, రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి హైదరాబాద్‌లోని ఇంట్లో ఉన్నట్టుండి కుప్పకూలారు. దుబాయ్ పర్యటన ముగించుకుని అప్పుడే వచ్చారు. ఏభై ఏళ్ళ మనిషి, వ్యాయామం తప్పని మనిషి. జూబ్లీహిల్స్ అపోలో ఆసుపత్రి విడుదల చేసిన ప్రకటన ప్రకారం, ఉదయం 7.45కు అత్యవసర విభాగానికి తెచ్చేసరికే ఆయనలో స్పందన లేదు, శ్వాస లేదు, గుండె ఆగి ఉంది. వైద్యులు తొంభై నిమిషాలకు పైగా సీపీఆర్ చేశారు. 9.16కు చనిపోయినట్టు ప్రకటించారు. ఉదయగిరిలో అంత్యక్రియలు జరిగాయి. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రారంభమైన సంగం బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

ఆ రోజు టీవీలన్నీ 'గుండెపోటు' అన్నాయి. మన తెలుగులో ఉన్న మాట అదొక్కటే కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఆ ఒక్క మాట రెండు వేర్వేరు జబ్బుల్ని ఒకే గోనెలో కట్టేస్తోంది. గుండెపోటు అంటే గుండె కండకు రక్తం తెచ్చే గొట్టం పూడుకుపోవడం. మనిషికి నొప్పి తెలుస్తుంది, చెమటలు పడతాయి, మాట్లాడతాడు, "ఏదో ఇదిగా ఉండాది" అంటాడు. ఆసుపత్రికి పోయే వ్యవధి ఉంటుంది. ఇలాంటివాళ్ళ కోసమే ఇప్పుడు మన రాష్ట్రంలో రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ సూదిమందును ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. గుండె ఆగడం అలా కాదు. అక్కడ మోటారే నిలిచిపోయింది. మనిషి మాట్లాడడు, పిలిస్తే పలకడు, శ్వాస ఉండదు. గుండెపోటు ముదిరి గుండె ఆగిపోవచ్చు, నిజమే. కానీ గుండెపోటు లేకుండా కూడా గుండె ఆగుతుంది. మన తీరంలో అలా ఆగడానికి దారులు చాలా ఉన్నాయి.

కరెంటు, నీళ్ళు, పిడుగు

రొయ్యల గుంటల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తగా వచ్చి పోతుంది. ఏరియేటరుకు నాచు చుట్టుకుందని కుర్రాడు మోకాళ్ళ లోతు ఉప్పునీళ్ళలోకి దిగుతాడు. గట్టు మీద వైరుకు ఎక్కడో తోలు ఊడి ఉంటుంది. తడిసిన చర్మం కరెంటును అడ్డుకోలేదు. గుండె గుండా పోయే కరెంటు ఒక ఆంపియర్‌లో పదో వంతున్నా చాలు, గుండె లయ తప్పుతుంది. అది ఆగిపోదు, గడగడా వణుకుతుంది. వైద్యులు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. వణికే గుండె రక్తాన్ని తోయలేదు. బయట నుంచి చూస్తే మనిషి పోయినట్టే.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసింది ఒకటుంది. ఆ కుర్రాడి గుండె జబ్బు గుండె కాదు. ఇరవై ఏళ్ళ గట్టి గుండె. ఒక్క షాక్‌తో దాని వణుకును ఆపగలిగితే మళ్ళీ లయ అందుకునే అవకాశం బాగా ఉన్న గుండె. ఈలోగా మెదడు చచ్చిపోకుండా చూసుకోవాలి, అంతే. ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని తాకాలి. ఆ క్రమం తప్పి, అన్నను లాగబోయి తమ్ముడూ పోయిన ఇళ్ళున్నాయి.

ఇప్పుడొక సంగతి చెబితే విచిత్రంగా ఉంటుంది. ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే ఈ సీపీఆర్ అనేది గుండె డాక్టర్ల బుర్రలోంచి మాత్రమే పుట్టలేదు. కరెంటు స్తంభాల మీద చచ్చిపోతున్న లైన్‌మాన్‌ల వల్ల పుట్టింది. అమెరికాలో విద్యుత్ కంపెనీలు తమ మనుషుల చావులకు విరుగుడు కనిపెట్టమని డబ్బిచ్చి పరిశోధనలు చేయించాయి. ఆ పనికి దిగినవాడు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు విలియం కౌవెన్‌హోవెన్. వైద్యుడు కాదు, ఇంజనీరు. 1958లో ఆయన దగ్గర చదువుకుంటున్న గై నికర్‌బాకర్ ఒక సంగతి గమనించాడు. గుండె వణుకుతున్న కుక్క ఛాతీ మీద షాకిచ్చే బరువైన పలకల్ని గట్టిగా అదిమినప్పుడు, ఇంకా షాకివ్వక ముందే, రక్తపోటు కొంచెం లేచింది. ఆ కొంచెమే మొత్తం కథ. సర్జన్ జేమ్స్ జూడ్ వాళ్ళతో కలిశాడు. 1960లో ముగ్గురూ కలిసి అచ్చువేసిన వ్యాసంలో 20 మంది రోగుల్లో 14 మంది బతికారని రాశారు. అంతకు ముందు గుండె ఆగితే ఛాతీ కోసి, గుండెను చేత్తో పట్టుకుని పిసికేవారు. ఈ ముగ్గురి తర్వాత కత్తి అక్కర్లేకపోయింది.

లైన్‌మాన్ కోసం కనిపెట్టిన విద్యను లైన్‌మాన్ కోసం ఎదురు చూడని రొయ్యల రైతుకు చెప్పడం ఏమంత కష్టమని నాకనిపిస్తుంది. అతనికి సగం పాఠం ముందే వచ్చు.

పిడుగు సంగతి ఒక్క మాటలో. పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, వెంటనే తాకవచ్చు. ఒక్కోసారి గుండె తనంతట తానే మళ్ళీ కొట్టుకుంటుంది గానీ శ్వాస రాదు. అందుకే పిడుగుపాటుకు పదిమంది పడిపోయినప్పుడు మూలిగేవాళ్ళను కాసేపు వదిలి, చచ్చినట్టు పడున్నవాళ్ళ దగ్గరకు ముందు పోవాలంటారు. కట్లపాము కాటు కూడా ఇలాంటి మోసమే చేస్తుంది. కండరాలు చచ్చుబడి శ్వాస ఆగుతుంది. లోపల మనిషి బతికే ఉంటాడు. ఎవరో ఒకరు ఊపిరి అందిస్తూ ఆసుపత్రికి చేరిస్తే లేచి కూర్చుంటాడు.

గిరగిరా తిప్పిన చేతులు

ఇక సముద్రం. కార్తీక పౌర్ణమి, శివరాత్రి వచ్చాయంటే మైపాడులోనూ, కొత్తకోడూరులోనూ జనం తిరనాళ్ళ లాగా చేరతారు. ఏటా ఎవరో ఒకరి ఇంటికి చావు కబురు వెళుతుంది. చిన్నప్పుడు నేను చూసిన దృశ్యం ఒకటి ఇప్పటికీ కళ్ళలోంచి పోలేదు. అలలోంచి లాక్కొచ్చిన పిల్లాణ్ణి ఒకాయన కాళ్ళు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పాడు. ఇంకొకాయన వెల్లకిలా పడేసి కడుపు మీద కూచుని నొక్కాడు. నోట్లోంచి నీళ్ళు వస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు "వస్తాండాయి, వస్తాండాయి" అని సంబరపడ్డారు. వచ్చినవి కడుపులో నీళ్ళు. ఊపిరితిత్తులకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆ కక్కు శ్వాసలోకి జారితే ఉన్న దారీ మూసుకుపోతుంది. తిప్పినాయన దుర్మార్గుడు కాదు. ఆ పాలెంలో ఎందర్నో ఒడ్డుకు లాగినవాడు. ఆయనకు వచ్చింది ఆయన చేశాడు. ఆ తిప్పిన రెండు మూడు నిమిషాలే పిల్లాడి మెదడుకు మిగిలిన కాలమని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

మునిగిన మనిషిలో గుండె ముందు ఆగదు. ముందు గాలి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ అంతా అయిపోయాకే గుండె ఆగుతుంది. కాబట్టి ఇక్కడ ఛాతీ నొక్కడం ఒక్కటే సరిపోదు. నొక్కితే తిరిగేది ఉత్త రక్తమే గదా. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరుపెట్టి ముందు ఊపిరి ఊదాలి. అమెరికా వాళ్ళు రెండు ఊదమంటారు, యూరప్ వాళ్ళు ఐదు. ఆ తర్వాత ముప్పై సార్లు ఛాతీ నొక్కడం, రెండు సార్లు ఊదడం, అదే వరస.

నీళ్ళ సంగతి కాకుండా పెద్దవాళ్ళు ఉన్నట్టుండి కూలిపోతే, ఊదడం చేతకాకపోయినా ఫర్వాలేదు. రక్తంలో కాసేపటికి సరిపడా ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని తిప్పితే చాలు. మన దేశంలో మత్తువైద్యుల సంఘం 2017లో మామూలు జనం కోసం తెచ్చిన పద్ధతిలో ఉన్నది కూడా ఇదే, ఒట్టి నొక్కడం. ఛాతీ నడిమధ్యన, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించాలి. రెండో చెయ్యి దాని మీద. మోచేతులు వంచకూడదు. బలం భుజాల్లోంచి రావాలి. లోతు ఐదు సెంటీమీటర్లు, అంటే మన రెండంగుళాలు. వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి, గుండె నిండేది అప్పుడే. కింద మంచం ఉంటే పనికిరాదు, నేల కావాలి. ఇసుక మీదైతే గట్టిగా తడిసిన చోటు చూసుకోవాలి.

ఎంత బాగా నొక్కినా గుండె చేసే పనిలో పావు వంతు, మహా అయితే మూడో వంతే జరుగుతుంది. చాలామంది ఇక్కడే నిరుత్సాహపడతారు. ఏరియేటర్లన్నీ తిప్పలేని చిన్న జనరేటరు కూడా రెండు మిషన్లను తిప్పితే రొయ్య తెల్లారేదాకా నిలబడుతుందని తెలిసినవాళ్ళకు నేను వేరే వివరం చెప్పక్కర్లేదు. నొక్కేవాడు లేకపోతే బతికే అవకాశం నిమిషానికి ఏడు నుంచి పది శాతం చొప్పున తరిగిపోతుంది. మైపాడు నుంచి నెల్లూరు పాతిక కిలోమీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

మనల్ని మోసం చేసేది ఇంకొకటుంది. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి ఎగశ్వాసలా గుటకలు వేస్తారు, గురక లాంటి చప్పుడు చేస్తారు. "ఊపిరాడతా ఉండాది" అని అందరూ ఆగిపోతారు. అది ఊపిరి కాదు, మెదడు కింది భాగం చివరగా చేసే ప్రయత్నం. పిలిస్తే పలకక, శ్వాస మామూలుగా లేకపోతే నొక్కడం మొదలుపెట్టాలి. తప్పుగా మొదలుపెడితే మనిషి చేత్తో తోసేస్తాడు. మొదలుపెట్టకపోతే తోసేవాడు ఉండడు.

మన ఊళ్ళలో ప్రేమ అంటే పరుగు. పడినవాణ్ణి ఇద్దరు ఎత్తి బండి మధ్యన కూర్చోబెట్టుకుని పోతారు. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఏడుస్తూ పోతారు. నేల మీద మోకాళ్ళేసుకుని అక్కడే ఛాతీ నొక్కుతున్నవాడు చూసేవాళ్ళ కళ్ళకు పనికిమాలినవాడిలా కనపడతాడు. "అట్ట కూచోని ఒత్తతాండావేందిరా, ఎత్తండి బండెక్కించండి" అని కసురుతారు. నా దృష్టిలో సీపీఆర్ శిక్షణలో అతి కష్టమైన పాఠం ఇదే. రెండంగుళాల లోతు ఎవరైనా నేర్చుకుంటారు, ఆ కసురు మాటకు లేచిపోకుండా ఉండటమే నేర్పాలి.

గుండె మళ్ళీ కొట్టుకున్నాక

ఆస్ట్రియాలో పుట్టి అమెరికా చేరిన మత్తువైద్యుడు పీటర్ సఫార్ 1950ల్లో నోట్లో నోరుపెట్టి ఊదడం ఎలా పనిచేస్తుందో నిరూపించినవాడు. కౌవెన్‌హోవెన్ నొక్కుడుకు తన ఊదుడు కలిపి నేటి సీపీఆర్‌కు రూపమిచ్చినవాడు. 1966లో ఆయన కూతురు ఎలిజబెత్‌కు ఆస్తమా ముదిరి గుండె ఆగింది. వైద్యులు గుండెను మళ్ళీ కొట్టించగలిగారు. ఊపిరితిత్తులూ పనిచేశాయి. మెదడు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత సఫార్ జీవితమంతా ఒకటే ప్రశ్న, గుండె వచ్చాక మెదడునెలా దక్కించుకోవాలి? గుండె, ఊపిరితిత్తుల పునరుజ్జీవనం అనే పేరులో మెదడును కూడా చేర్చి తీరాలని ఆయన పట్టుబట్టాడు.

ఎందుకంటే రక్తం తిరిగి రావడం కూడా మెదడుకు ఒక దెబ్బే. ఎండిన కాలవలోకి ఒక్కసారిగా నీళ్ళొదిలితే గట్లు తెగినట్టు, ఆకలితో ఉన్న కణాల్లోకి ఆక్సిజన్ ఒక్కసారిగా దూకినప్పుడు విషపదార్థాలు పుట్టుకొస్తాయి, కాల్షియం కణాల్లో నిండుతుంది, మెదడు వాస్తుంది. గంటల తరబడి, రోజుల తరబడి సాగే నష్టం ఇది. గుండె తిరిగి కొట్టుకుని ఆసుపత్రిలో చేరినవాళ్ళలో చాలామంది చివరికి చనిపోయేది గుండె వల్ల కాదు, మెదడు దెబ్బ వల్లనే.

దీనికి మందు కోసం ప్రపంచం చల్లదనం వైపు చూసింది. నార్వేలో 1999లో ఆన్నా బోగెన్‌హోల్మ్ అనే యువ వైద్యురాలు మంచు స్కీయింగ్‌లో జారి గడ్డకట్టిన వాగు కింద ఇరుక్కుపోయింది. ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది. గుండె ఆగింది. ఆసుపత్రిలో గంటల తరబడి శ్రమించాక బతికింది, తిరిగి డాక్టరుగా పనిచేసింది. గుండె ఆగకముందే మెదడు చల్లబడటం ఆమెను కాపాడింది. మన బంగాళాఖాతం నీళ్ళు ఇరవై ఎనిమిది డిగ్రీల వెచ్చన. ఆ అదృష్టం మనకు లేదు.

2002లో ఐరోపా, ఆస్ట్రేలియాల నుంచి రెండు పరిశోధనలు ఒకేసారి వచ్చాయి. గుండె తిరిగి కొట్టుకున్నా స్పృహ రాని రోగుల్ని 32 నుంచి 34 డిగ్రీల దాకా చల్లబరిస్తే మెదడు బాగా కోలుకున్నవాళ్ళు పెరిగారు. ఐరోపాలో వంద మందికి 39 నుంచి 55కు. ప్రపంచమంతా ఐసు సంచులు పట్టుకుంది. పదకొండేళ్ళ తర్వాత 939 మందితో చేసిన ఇంకో పరిశోధన 33 డిగ్రీలకూ 36 డిగ్రీలకూ తేడా లేదంది. 2021లో దాదాపు 1,900 మందితో చేసింది ఇంకో అడుగు ముందుకు వేసి, 33 డిగ్రీలకు చల్లబరిచినా, జ్వరం రాకుండా మామూలుగా ఉంచినా బతికినవాళ్ళ సంఖ్య ఒకటేనంది. ఇరవై ఏళ్ళ నమ్మకం సడలింది. దీన్ని వైద్యశాస్త్రం ఓటమి అని కొందరు అన్నారు. నేనలా అనుకోను. ఎక్కడ ఏసీ పోతే జనరేటరు కోసం వెతుక్కోవాలో అలాంటి ఊళ్ళకు ఇది ఊరట. మంచు యంత్రాలు లేవని దిగులుపడనక్కర్లేదు, జ్వరం రాకుండా చూస్తే చాలు. ఒంటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ మెదడు ఆకలి కూడా పెరుగుతుంది. కాబట్టి 37.5 డిగ్రీలు దాటనివ్వకూడదు. మే నెలలో నెల్లూరు వార్డులో ఇది చిన్న పనేం కాదు గానీ, చేయగలిగిన పని.

మిగతావి కూడా ఇలాంటివే, ఆర్భాటం లేనివి. రక్తపోటు పడిపోకుండా చూడటం. ఆక్సిజన్ తగ్గకూడదు, అతిగా ఇవ్వడమూ మంచిది కాదు. వెంటిలేటరు మరీ వేగంగా తిప్పితే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఫిట్స్ వస్తే ఆపాలి, బయటికి కనపడకుండా మెదడులోనే వచ్చే ఫిట్స్‌ను ఈఈజీతో పట్టుకోవాలి. గుండె గొట్టం పూడుకుని ఆగినదైతే ఆ గొట్టాన్ని తెరవాలి. రోగి పక్కన కూర్చుని ఇరవై నాలుగు గంటలూ ఈ అంకెల్ని చూసుకునే నర్సు చేతుల్లో ఉంటుంది సగం వైద్యం.

ఆపై ఒక ఘట్టం వస్తుంది. ఐసీయూ బయట చెప్పులు విడిచే చోట ఇంటిల్లిపాదీ నిలబడి ఉంటారు. "మెదడు పోయిందంటన్నా, ఇంక ఖర్చెందుకంట" అని ఎవరో అంటారు. ఎవరికి ఎవరు చెప్పారో తెలియదు, ఆ మాట మాత్రం మొదటి రాత్రికే వార్డంతా పాకుతుంది. వైద్య మార్గదర్శకాలు చెప్పేది వేరు. స్పృహ లేని రోగి మెదడు కోలుకుంటుందా లేదా అన్న తీర్పు కనీసం 72 గంటలు గడిచాకే, అదీ మత్తుమందుల ప్రభావం పూర్తిగా పోయాకే, ఒకటి కాదు నాలుగైదు పరీక్షలు కలిపి చూశాకే చెప్పాలి. కనుపాప కదలిక, ఈఈజీ, స్కానింగ్, నరాల పరీక్ష, అన్నీ ఒకే దారి చూపాలి. మూడు రోజులు ఆగడం అప్పు చేసి ఐసీయూ బిల్లు కట్టేవాళ్ళకు ఎంత భారమో తెలియక చెప్పడం లేదు. కానీ తొలి రాత్రి తీర్పు తొందర తీర్పు. మూడో రోజు తర్వాత కూడా మెల్లగా మేలుకున్నవాళ్ళున్నారు.

అన్నీ జరిగినా గెలవని పోరాటాలూ ఉంటాయి. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో నడుస్తూ నటుడు నందమూరి తారకరత్న కూలిపోయారు. వయసు 39. తీవ్రమైన గుండెపోటుతో గుండె ఆగింది. దాదాపు 45 నిమిషాల ప్రయత్నం తర్వాత తిరిగి కొట్టుకుందని వైద్యులు ప్రకటించారు. బెంగళూరు నారాయణ హృదయాలయకు తరలించారు. ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆ మూడు వారాలూ తెలుగు రాష్ట్రాల్లో ప్రతి టీకొట్టు దగ్గరా అడిగిన ప్రశ్న ఒక్కటే, గుండె కొట్టుకుంటోంది గదా, మరి లేవడేం?

పాలెంలో ఎవరుంటారు?

డెన్మార్క్ 2005లో బడి పిల్లలకు సీపీఆర్ తప్పనిసరి చేసింది. డ్రైవింగ్ లైసెన్సుకూ ముడిపెట్టింది. 2001లో ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్ళలో పక్కనున్నవాళ్ళు చెయ్యి వేసినవి 21 శాతం, 2010కి 45 శాతం. నెల రోజుల తర్వాత బతికున్నవాళ్ళు 3.5 శాతం నుంచి 10.8కి పెరిగారు. కొత్త మందేమీ రాలేదు, చేతులు పెరిగాయి, అంతే.

మనకు 108 వచ్చింది కూడా ఆ ఏడాదే, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో. పల్లెకు అంబులెన్సు అన్న మాట అప్పటిదాకా కలే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అది లైన్‌మాన్. వచ్చేదాకా ఏరియేటరు తిప్పేవాళ్ళెవరన్నదే ప్రశ్న.

పగటి పూట పట్టపుపాలేనికి వెళ్ళి చూడండి. మగవాళ్ళు వేటలో ఉంటారు. ఊళ్ళో ఉండేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. సీపీఆర్ శిక్షణ అని బ్యానరు కట్టి ఎవర్ని పిలుస్తాం? యువకుల్ని. వాళ్ళు పడవలో ఉన్నారు. నేర్పవలసింది వలలు బాగుచేస్తూ, చేపలు ఎండబెడుతూ ఒడ్డున ఉండే ఆడవాళ్ళకు. ఇంకొక చిక్కుంది. పడిపోయింది ఆడమనిషైతే ఛాతీ మీద చెయ్యి వేయడానికి మగవాళ్ళు జంకుతారు. ఈ జంకు మన దగ్గరే కాదు, పడమటి దేశాల్లోనూ ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక పాలెంలో పదిమంది ఆడవాళ్ళకు ఈ విద్య వస్తే ఆ చిక్కు తీరిపోతుంది. పెద్దకాపు ఒక్క మాట చెబితే పాలెమంతా ఒక దినాన వేట మానుకునే కట్టుబాటున్న ఊళ్ళివి. ఏడాదికొక దినం దీనికి అడగడం అత్యాశ కాదు.

మామూలు మనుషులకు వైద్యం నేర్పడం నెల్లూరుకు కొత్తా కాదు. విడవలూరు దగ్గర అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి. ఆయన ప్రజావైద్యశాల పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు రోగిని చూడటం, సూది వేయడం, కట్టు కట్టడం నేర్పి మళ్ళీ పల్లెలకే పంపింది. పీటర్ సఫార్ 1967లో పిట్స్‌బర్గ్‌లో చేసింది కూడా ఇలాంటిదే. ఉద్యోగాల్లేని నల్లజాతి యువకుల్ని పోగేసి ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు దళం తయారుచేశాడు. అమెరికాలో నేటి పారామెడిక్ అన్న వృత్తికి వాళ్ళే మూలపురుషులు.

ఏఈడీ అనే షాక్ యంత్రం సంగతి. మూత తెరిస్తే అదే మాట్లాడుతుంది, ఎక్కడ అతికించాలో చెబుతుంది, గుండె వణుకుతుంటేనే షాక్ ఇస్తుంది, లేకపోతే ఇవ్వదు. తప్పు చేయమన్నా చేయదు. విమానాశ్రయాల్లో గోడకు కనపడుతుంది. కరెంటుతో గుండె వణికే అవకాశం విమానాశ్రయంలో ఎక్కువా, రొయ్యల గుంటల మధ్యన ఎక్కువా? రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున లక్షల మంది చేరినప్పుడు ఎన్ని ఉండాలి? ఒక ఫీడు కంపెనీ, ఒక హేచరీ, ఒక ఐసు ఫ్యాక్టరీ కలిస్తే ఒక ఊరికి ఒకటి కొనిపెట్టడం పెద్ద లెక్క కాదు.

శిక్షణకు వాడే బొమ్మ గురించి చెప్పి ముగిస్తాను. నార్వేలో ఆస్మండ్ లేర్డాల్ అనే బొమ్మల తయారీదారు 1960లో దాన్ని చేశాడు. అంతకు ముందు తన రెండేళ్ళ కొడుకు నీళ్ళలో మునిగితే తనే బయటికి తీసి బతికించుకున్నవాడు. ఆ బొమ్మ మన పాలేలకు ఎప్పుడొస్తుందో గానీ, మొన్న ఒక గుంట గట్టు మీద నాకు మంచి ప్రత్యామ్నాయం దొరికింది. పాతిక కిలోల రొయ్యల మేత బస్తా.

కాపలా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళూ ముందు నవ్వారు. టార్చిలైటు వెలుగులో బస్తాను నేల మీద పడుకోబెట్టి, నడుమన బొగ్గుతో గీత గీసి చూపించాను. పెద్దవాడు మోకాళ్ళేశాడు. మొదట మోచేతులు వంచి పిండి పిసికినట్టు పిసికాడు. "భుజాలన్నా, భుజాలు" అన్నాను. సర్దుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ముప్పై దాకా బాగానే వచ్చాడు. తొంభై దగ్గర గొంతు తెగింది. నూటేభైకి చెమట బొట్లు బస్తా మీద పడుతున్నాయి.

"ఇంత బరువుంటాదని అనుకోలేదన్నా. మిషన్ తిప్పడం మేలు."

"ఎంతసేపయింది?"

చిన్నవాడు ఫోను చూశాడు. "నిమిషంన్నర."

"రెండు నిమిషాలకు మనిషి మారాల. లేకుంటే లోతు తగ్గిపోద్ది."

చిన్నవాడు ఫోను మంచం మీద పడేసి, లుంగీ ఎగ్గట్టి, అన్నకు ఎదురుగా బస్తాకు రెండో పక్కన మోకాళ్ళేసి చేతులు సిద్ధం చేసుకున్నాడు. పెద్దవాడింకా లెక్కపెడుతూనే ఉన్నాడు.

"నూట తొంభై... రెండొందలు... రా."

మధ్యలో ఒక్క దెబ్బ కూడా పోలేదు.